తోడికోడలి ముక్కు

జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ పెద్దకోడలి ముక్కును వెంట తీసుకుపోయింది. ఆమె ఒక హాస్టల్లో వంటమనిషి. మూత తీయకుండానే లోపల ఏది ఎంత ఉడికిందో చెప్పగలిగేది. అలాంటి మనిషికి కొన్ని వారాలపాటు లోకం అద్దం వెనక ఉన్నట్టయింది. కనిపిస్తోంది, వాసన లేదు. ఆ తర్వాత వాసనలు తిరిగొచ్చాయి గానీ అన్నీ తప్పుగా వచ్చాయి. వేగుతున్న ఉల్లిపాయ కాలిన టైరులా, కాఫీ మురుగు కాలువలా. హాస్టల్ వంటగది గుమ్మం దాకా వెళ్ళి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసేది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

"నరాలు దెబ్బతిన్నాయమ్మా. మెల్లగా బాగుపడొచ్చు. ఎప్పటికంటే చెప్పలేను. ఘాటు లేని తిండి తినండి, రోజూ కాసిని వాసనలు చూస్తూ ఉండండి" అన్నాడు డాక్టరు.

ఇంట్లో వంటగది ఆమె రాజ్యం. చిన్నకోడలు మొక్కల నర్సరీలో పొద్దుటి పూట పనిచేసి, మిగతా సమయమంతా మేడ మీద పాత తొట్టెల్లో కూరగాయలు పెంచుకునేది. ఎండుటాకులు, పేడ కలిపి మాగబెట్టిన ఎరువు తప్ప ఇంకేమీ వేయదు. పురుగుమందు ఊసే లేదు. ఆ మట్టి గోళ్ళతో పొయ్యి దగ్గరికి రావద్దని పెద్దకోడలు కొత్తలోనే చెప్పేసింది. చిన్నది మారుమాట్లాడకుండా గడప అవతలే ఉండిపోయింది. ఇద్దరికీ తగవూ లేదు, మాటా లేదు.

తిండి సయించక సగమైపోయిన తోడికోడల్ని చూసి చూసి, ఒక మధ్యాహ్నం చిన్నకోడలు బుట్టనిండా క్యారెట్లు, పాలకూరతో మేడ దిగి వచ్చింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది.

"ఉత్తినే ఉడకబెడతాను, అక్కా. నూనె వద్దు, పోపు వద్దు."

"ఆకులు పురుగులు తిన్నట్టున్నాయే."

"తిన్నాయి. వాటికి పెట్టాకే మనకు."

"ఇవి తింటే ముక్కు బాగవుతుందంటావా?"

"అంత మాట నేనెక్కడన్నాను? కడుపులో నిలుస్తాయేమో చూద్దాం."

గిన్నె మీద ఆవిరి లేచి, కిటికీలోంచి వచ్చే ఎండలో మెల్లగా మెలికలు తిరుగుతోంది. పెద్దకోడలు పీట మీద కూర్చుని దాన్నే చూస్తూ, తనకు తెలియకుండానే అడిగింది.

"వాసన ఎలా ఉంది?"

ఆ ఇంట్లో చిన్నకోడల్ని అలాంటిది అడిగినవాళ్ళు లేరు. కళ్ళు మూసుకుని ఆలోచించింది.

"ఎండలో ఆరిన దుప్పటి మడతపెట్టేటప్పుడు మొహానికి తగులుతుందే, అలా. కాస్త తియ్యగా."

పెద్దకోడలు ఆ దుప్పటిని ఊహించుకుంటూ నాలుగు ముక్కలు తింది. కడుపులో నిలిచాయి.

ఇక మధ్యాహ్నాలు అలాగే సాగాయి. బీన్స్ ఉడికితే వాన వెలిశాక ఇనుప గేటు మీద చెయ్యి వేసినట్టుందట. బీట్‌రూట్ కొత్త ఇటుకల మీద నీళ్ళు చల్లినట్టుందట. పెద్దకోడలు కళ్ళు మూసుకుని వింటుంటే, తడి గేట్లూ ఇటుక గోడలూ ఉన్న ఎవరూ లేని వీధిలో నడుస్తున్నట్టుండేది. ఎంత దూరం నడిచినా అలుపు రాని వీధి. బుగ్గల్లోకి కొంచెం రంగు వచ్చింది.

"నా మోకాళ్ళ నొప్పి కూడా తగ్గింది. అంతా బీట్‌రూట్ మహిమ" అన్నాడు మామగారు.

"రోజూ మెట్లెక్కి మొక్కలకు నీళ్ళు పోస్తున్నారుగా మామయ్యా, దానివల్లేమో" అంది చిన్నకోడలు.

ఒకరోజు దుంపలు కడుగుతుండగా పెద్దకోడలికి మట్టి వాసన తగిలింది. ఏ టైరూ లేని, చల్లటి, అసలైన మట్టి. చేతులు నీళ్ళలోనే ఉంచి మళ్ళీ ఓసారి పీల్చింది. తర్వాత బీన్స్ వచ్చాయి, ఆ తర్వాత ఉల్లిపాయ. ఎవరితోనూ చెప్పలేదు. రోజూ "ఎలా ఉంది?" అని అడుగుతూనే ఉంది. తన ముక్కు చెప్పేదానికీ చిన్నది చెప్పేదానికీ పొంతన ఉండేది కాదు. చిన్నది చెప్పేదే ఆమెకు బాగుండేది.

ఒకనాడు పొయ్యి మీద గిన్నె పెట్టి చిన్నకోడలు మేడెక్కింది. అడుగంటుతున్న వాసన ముందు గదిలోకే తెలిసి, పెద్దకోడలు పరుగున వెళ్ళి పొయ్యి ఆపింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో చిన్నది.

"పొగ కూడా రాలేదు. నీకెలా తెలిసిందక్కా?"

పెద్దకోడలు గిన్నె దించి పక్కన పెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్ళయింది."

"మరి నాచేత ఆ పిచ్చి కబుర్లన్నీ ఎందుకు చెప్పించావు? నవ్వుకోడానికా?"

"కాదే. ముక్కు వచ్చిందంటే నువ్వు మళ్ళీ మేడెక్కి కూర్చుంటావని. అవి వినకపోతే నాకు తోచదు."

చిన్నకోడలు కోపంగానే వచ్చి పీట మీద కూర్చుంది. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. మెల్లగా అంది.

"మా అమ్మ కూడా నన్ను ఇంతసేపు మాట్లాడనిచ్చేది కాదు."

పెద్దకోడలు రెండో పీట లాక్కుని పక్కన కూర్చుంది.

డాక్టరు చూసి సంతోషించాడు. తిండి వల్లేనా అని అడిగితే, "కాలం వల్ల కావచ్చు, తిండీ కలిసొచ్చి ఉండొచ్చు. కమ్మగా ఉందంటున్నారు, మానడం దేనికి?" అన్నాడు. ఆమె మళ్ళీ హాస్టల్ పనిలో చేరింది. ఇంట్లో మాత్రం వంటకి ఇద్దరూ ఉంటున్నారు.

ఆ ఏడు మేడ మీద మొదటిసారి గుమ్మడికాయ కాసింది. కోసి, ఉడికించి, ఇద్దరూ గిన్నె మీదికి వంగారు. మూత తీశారు. ఆవిరి ఇద్దరి మొహాలనూ కమ్మేసింది. "ముందు నువ్వు చెప్పు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.