ఊపిరికీ ఢాంకీ మధ్య

“నీకేం, శబ్దాలే కదా, ఎక్కడైనా చేసుకోవచ్చు,” అన్నాడు భర్త. ఆమె అప్పుడు అతని చొక్కాలు మడతపెడుతోంది. అతనికి పై హోదాతో వేరే ఊరికి బదిలీ అయింది. ఆఫీసులో సరేనన్నాడు, ఇల్లు ఖాళీ చేస్తున్నామని యజమానికి చెప్పాడు, వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. అవన్నీ అయ్యాక, ఇవాళ పొద్దున టీవీలో వార్తలు చూస్తూ, పెళ్లానికి చెప్పాడు. ఆమె గుండె నిండా ఊపిరి పీల్చింది. “ఏమన్నా అన్నావా?” అన్నాడు తల తిప్పకుండా. “ఏం లేదు,” అని చొక్కా కాలరు సరిచేసింది.

ఆమె పని సినిమా ట్రైలర్లకు శబ్దాలు కూర్చడం. “రోజంతా చెవుల్లో అవి పెట్టుకుని కూర్చోవడమేగా, అదీ ఒక పనేనా,” అంటారు అత్తగారు. శబ్దాలకీ ఫ్యాషన్లుంటాయని బయటివాళ్లకు తెలియదు. ఆమె చేరిన కొత్తలో గంభీరమైన మగగొంతొకటి కథంతా చెప్పేది. అది పాతబడి ఓడ కూతలాంటి మోతలొచ్చాయి, తర్వాత గడియారం టిక్కుటిక్కులు, ఆ తర్వాత జోలపాటల్ని నత్తనడక నడిపించి జనాన్ని హడలగొట్టడం. ఇప్పుడు నడుస్తున్నది నిశ్శబ్దం. తుపాకులు, కార్లు, సంగీతం అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. చీకటి తెర మీద ఎవరో ఆడమనిషి గబుక్కున ఊపిరి పీలుస్తుంది. వెంటనే ఢాం. సినిమా పేరు పడుతుంది. ఆ ఢాం అంటే స్టూడియో యజమానికి ఎంత మోజంటే, చాటుగా అందరూ ఆయన్ని ఢాంగారనే పిలుస్తారు.

ఆ ఊపిరి ఆమెదే. మొదటిసారి సమయానికి నటి దొరక్క, తాత్కాలికంగా తన ఊపిరే పెట్టింది. “ఇదే ఉంచేద్దాం, భలే కుదిరింది,” అన్నారు ఢాంగారు. అప్పట్నుంచి ఆ తాత్కాలికం ఒక ట్రైలర్ తర్వాత ఇంకో ట్రైలర్‌లో తిరుగుతూనే ఉంది. ఎక్కడా ఆమె పేరు లేదు, థాంక్స్ చెప్పిన పాపాన పోయినవాళ్లూ లేరు. ఒకసారి ఇంటిల్లిపాదీ సినిమాకెళ్తే, అత్తగారు ఆ ఊపిరి విని గుండె మీద చెయ్యేసుకున్నారు. “పాపం ఎవరో పిల్ల, ఏదో చెప్పబోయింది, చెప్పనిచ్చారు కాదు,” అన్నారు. పక్కసీట్లోనే ఉండి కూడా అది తనదేనని ఆమె అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పటికీ అంతుపట్టదు.

ఇవాళ ఢాంగారు కొత్త కబురు మోసుకొచ్చారు. “జనానికి ఢాం మొహం మొత్తిందట. ఈసారి ఊపిరి తర్వాత ఒక్క మాట కావాలి. హంతకుడు ఎదురుగా నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఏమంటుంది? నటి వచ్చేదాకా నువ్వే ఏదో ఒకటి అనేయమ్మా.”

ఆమె రికార్డింగ్ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఊపిరి ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. మాటే రాలేదు. “వద్దు,” అని చూసింది. అద్దం అవతల ఢాంగారు తల అడ్డంగా ఊపారు. “ఎవరు నువ్వు,” అంది. అదీ కాదన్నారు. ముందు చికాకేసింది, ఆ తర్వాత అంతా అయోమయం. ఇన్నేళ్లుగా ఇంట్లో పీల్చిన ఊపిరులన్నిటి వెనకా ఏదో ఒక మాట ఉండే ఉండాలి కదా. సెలవు రోజున ఆడబిడ్డ పిల్లల్ని దింపేసి, “ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా,” అన్నప్పుడు పీల్చింది. జ్వరంతో లేచి వంట చేస్తుంటే, “తగ్గిందన్నమాట,” అని భర్త సంతోషించినప్పుడు పీల్చింది. అప్పుడు ఏం చెప్పబోయి మానేసిందో ఒక్కటీ గుర్తులేదు. పోనీ, పొద్దున్నదేమిటి? రానని చెప్పాలనుకుందా? ఆ ఊరి మీద తనకేం కోపం లేదే. అతను చెడ్డవాడా అంటే అదీ కాదు, గట్టిగా ఒక మాట అన్నవాడు కాదు. మరి ఛాతీలో ఈ అడ్డం పడ్డదేమిటి? ఎటు తిప్పి చూసినా ఆ ముడి వీడలేదు. విసుగొచ్చి మళ్లీ ఊపిరి పీల్చింది.

“నన్నడిగారా?” అనేసింది.

ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. స్పీకర్లో ఢాంగారి గొంతు వినిపించింది. “పలకడం అదిరిందమ్మా. కానీ పీక పిసకడానికొచ్చినవాడికి అంత మర్యాదేంటి? పైగా చంపేముందు వాడు అడగడమేంటి?”

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్లు నిండాయి.

“మీకు పనికిరాదులెండి, తీసేయండి,” అంది. తలుపు దాకా వచ్చి ఆగింది. “ఆ పాత ఊపిరి కూడా ఇక వాడకండి. దాంతో నాకు పనుంది.”

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాలు నిండా అట్టపెట్టెలున్నాయి. భర్త వాటి మధ్య దారి చేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. “ముందు వంటగది సర్దేయ్. నీ వైర్లూ గట్రా ఆఖర్న చూద్దాం,” అన్నాడు. ఏం చెప్పాలో ఆమెకు ఇంకా తేలలేదు. తను వస్తుందో రాదో కూడా తెలియదు. పెట్టెల పక్కనే నిలబడి ఊపిరి పీల్చింది.

“ఏమన్నా అన్నావా?” అన్నాడు తల తిప్పకుండా.

“ఇంకా అనలేదు,” అంది. “ఆ టీవీ ఆపండి.”