ఆంజనేయులు కొలతలు

మునిస్వామి మాస్టరు ఒక్క గుద్దుతో రాయదుర్గం గుట్టను రెండు చెక్కలు చేశాడు. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు, మిగిలినవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. గుట్ట మీద మేస్తున్న మేకలు సగం ఈ చెక్క మీద, సగం ఆ చెక్క మీద చిక్కుకుపోయి, పొద్దుగూకేదాకా ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి.

మాస్టరుది చిత్తూరు జిల్లా. నల్ల బెల్టు నడుముకు కట్టుకుని హైదరాబాదు వచ్చి, రాయదుర్గంలో ఒక రేకుల షెడ్డులో కరాటే తరగతి పెట్టాడు. షెడ్డు ఆంజనేయులుది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. అంతకుముందు అందులో బర్లను కట్టేసేవాడు.

"బర్లు పోయినయ్, మాస్టర్ వచ్చిండు. చప్పుడు మాత్రం గదే" అనేవాడు అడిగినవాళ్లతో.

షెడ్డు ఇచ్చి ఊరుకున్నాడా అంటే, లేదు. పాత బొంతను ఒంటికి చుట్టి, తాడుతో బిగించి, పైన తెల్ల కరాటే చొక్కా తొడుక్కుని, నోట్లో పాన్ వేసుకుని నేర్చుకునేవాళ్ల ఎదుట నిలబడేవాడు. ఆ తరగతిలో పద్ధతి అదే. ఎవరి పిడికిలి ఎంత గట్టిదో ఆంజనేయులు పొట్టను అడగాలి.

"ఏంది బిడ్డా, దోమ వాలిందా? ఇంటికాడ బువ్వ పెడ్తలేరా?" అనేవాడు గుద్దు తిని. గుద్దుతూ గుద్దుతూ ఎవరైనా రెండో చెయ్యి కిందికి దించారో, చెంప మీద చెళ్లుమనేది. "ముఖం ఇంటికాడ పెట్టొచ్చినవా? కావలి లేకుండ ఇడిచిపెట్టినవ్!"

ఇక గుట్ట సంగతి ఇక్కడే ఒప్పేసుకుంటాను, కడుపులో దాచుకుంటే అరగదు. మాదాపూర్‌లో హైటెక్ సిటీ గుండ్రటి మేడ లేచిన మరుసటి ఏడు, చుట్టూ ఎక్కడ చూసినా కొండరాళ్లు పేల్చడమే పని. షెడ్డు వెనక గుట్టకు మందు పెట్టే రోజున ఎర్రజెండా పట్టుకునేవాడు ఆంజనేయులు బామ్మర్ది. అందుకని ఏ నిమిషాన పేలుతుందో ఆంజనేయులుకు తెలుసు. ఆ ఆదివారం సాఫ్ట్‌వేర్ వాళ్లను పిలిచి షెడ్డు ముందు నిలబెట్టారు. ఆంజనేయులు గట్టిగా దగ్గాడు. మాస్టరు "హా!" అని షెడ్డు గోడకు ఆనించిన బండ మీద గుద్దాడు. అవతల గుట్ట ఢామ్మంది. గుట్టను చీల్చింది మందుగుండు. మాస్టరుకు చీలింది చిటికెనవేలి చర్మం. మేకలు లేనే లేవు. అయినా వారం తిరిగేసరికి ముప్పైమంది చేరారు.

వాళ్లలో సౌజన్య అనే అమ్మాయి ఒకరోజు మాస్టరును పక్కకు పిలిచింది. "సార్, ఆంజనేయులు గారిని కొట్టాలంటే చెయ్యి రావట్లేదండీ. పెద్దాయన కదా."

హేమంత్ అనే ఇంజినీరు ఏదో ఇంగ్లీషు పత్రిక తెచ్చి బొమ్మ చూపించాడు. మనిషంత ఎత్తు, తలా భుజాలూ ఛాతీ ఉన్న దిమ్మ. "బయటి దేశాల్లో దీని మీదే ప్రాక్టీసు సార్. ఎంత గట్టిగానైనా కొట్టొచ్చు. ప్రొఫెషనల్‌గా ఉంటుంది."

ఆ మాట మాస్టరు గుండెల్లో దిగింది. టై కట్టుకుని వచ్చేవాళ్ల ముందు బొంత చుట్టుకున్న ఆంజనేయులు, ఆ పాన్, ఆ ఎకసెక్కాలు, ఆయనకు ఈమధ్య తలవంపుగానే ఉంటున్నాయి. పెద్దాయన ఒంటికి దెబ్బలు తప్పుతాయి కదా అని పైకి సర్దిచెప్పుకున్నాడు. అదీ అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం మొదటిదే, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

లింగంపల్లిలో లారీ సీట్లు కుట్టే లక్ష్మీనారాయణను పిలిపించాడు. లోపల నీలగిరి దుంగ, చుట్టూ కొబ్బరి పీచు, దాని మీద లారీ ట్యూబు రబ్బరు, పైన టార్పాలిన్. లక్ష్మీనారాయణ అంతా విని తల గోక్కున్నాడు.

"లారీ సీటైతే కళ్లు మూసుకుని కుడ్త సార్. మనిషికి కొలతలు కావాలె."

సరిగ్గా అప్పుడే ఆంజనేయులు లోపలికి వచ్చాడు. చేతిలో టేపు ఉన్నవాడిని చూసి ముఖం వెలిగిపోయింది. అడక్కుండానే రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.

"కొత్త అంగీ కుట్టిస్తున్నవా అన్నా? నా కోసమేనా? బొంతల ఉడికిపోతున్న, నీకెట్ల తెల్సిందో!" అని, లక్ష్మీనారాయణతో, "బుజాల కాడ జర వదులు పెట్టు. ఊపిరి ఆడాలె గద" అన్నాడు.

మాస్టరు "ఊఁ" అన్నాడు.

అంతే, ఒక్క ఊఁ. "అది నీకు కాదప్పా" అనడానికి నాలుగు అంగుళాల నాలుక కదిలితే చాలు. కదల్లేదు. లక్ష్మీనారాయణ ఛాతీ కొలిచాడు, మెడ కొలిచాడు, తల చుట్టూ కూడా టేపు తిప్పాడు. "తలకు గూడనా? టోపీ గిట్ట ఉందా ఏంది!" అని ఆంజనేయులు పగలబడి నవ్వాడు.

దసరా ముందురోజు ఆయుధపూజ. ఆంజనేయులు తలస్నానం చేసి, బొంత ఇంటి దగ్గరే వదిలేసి, బంతిపూల దండా బూడిదగుమ్మడికాయా పట్టుకుని వచ్చాడు. షెడ్డు నడుమ సిమెంటు పోసిన లారీ టైరులో పాతిపెట్టిన మనిషి నిలబడి ఉన్నాడు. ఆంజనేయులు ఎత్తు, ఆంజనేయులు పొట్ట, ఆంజనేయులు భుజాలు. మాస్టరు దాని మీద ఆంజనేయులు తెల్ల చొక్కానే తొడిగాడు, ఇంకెవరి చొక్కా పట్టదు కనక.

ముప్పైమందీ చూస్తున్నారు. ఆంజనేయులు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. దండ దాని మెడలో వేశాడు. కుంకుమ తీసి, నొసలు ఎక్కడుండాలో చూసుకుని బొట్టు పెట్టాడు. దాని నడుము దగ్గర జారిన బెల్టు బిగించాడు.

"నాకన్న మంచిగున్నడు అన్నా. పాన్ గూడ నమలడు" అన్నాడు.

అందరూ నవ్వారు. మాస్టరూ నవ్వాడు, అదే ఆయన రెండో తప్పు. ఆంజనేయులు గుమ్మడికాయ కొట్టి, షెడ్డు తాళంచెవి మాస్టరు చేతిలో పెట్టి, "నీ కాడనే ఉండనీ. ఇగ తెరిచేది నువ్వే గద" అని వెళ్లిపోయాడు. వెంటపడదామనే అనుకున్నాడు మాస్టరు. కానీ హేమంత్ అప్పటికే పిడికిలి బిగించి "స్టార్ట్ చేద్దామా సార్?" అంటున్నాడు. మాస్టరు "వన్!" అన్నాడు.

ఆంజనేయులు మర్నాడు రాలేదు. దీపావళికీ రాలేదు.

దిమ్మ మీద అందరూ పులులైపోయారు. డిసెంబరులో పోటీలకు హేమంత్‌ను పంపాడు మాస్టరు. గంట కొట్టిన అరనిమిషానికి హేమంత్ చాప మీద వెల్లకిలా పడున్నాడు, ముక్కు నుంచి నెత్తురు. ఎడమచెయ్యి నడుము దగ్గరే వేలాడుతోంది.

"సార్, వాడు తిరిగి కొట్టాడు సార్!" అన్నాడు, అదేదో నిబంధనలకు విరుద్ధమన్నట్టు.

ఆ చెయ్యి ఎత్తి ఉంచమని చెప్పే దిక్కు షెడ్డులో లేక రెండు నెలలైంది. చెప్పే మనిషిని పంపేసింది ఎవరో మాస్టరుకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే ఆంజనేయులు ఇంటికి వెళ్తే, మాదాపూర్‌లో ఒక అద్దాల ఆఫీసు గేటు దగ్గర డ్యూటీలో చేరాడని చెప్పారు.

నీలం చొక్కా, ఈల, నిటారుగా నిలబడ్డ ఆంజనేయులు. కారు వస్తే సెల్యూట్ కొట్టి గేటు తీస్తున్నాడు, కారు వెళ్తే మూస్తున్నాడు. నోరు మెదపడం లేదు.

మాస్టరు దగ్గరికి వెళ్లాడు. "ఆంజనేయులూ, తప్పు నాదేనప్పా. ఆ పొద్దే నీకు చెప్పుండాల్సింది. నువ్వు లేకుంటే ఆ షెడ్డుకు పానం లేదు. రా అబ్బా" అన్నాడు.

ఆంజనేయులు వస్తున్న కారుకు గేటు తీసి, మూసి వచ్చాడు. తర్వాత ఈల జేబులో పెట్టుకుని, "ఆరింటికి డ్యూటీ అయితది. వస్త తీ అన్నా" అన్నాడు.

మీరు హమ్మయ్య అనుకున్నారు, నాకు తెలుసు. నేనూ అనుకుందామనే ఈ చివరి మాటలు అల్లాను. ఆంజనేయులు జవాబు నా కల్పన. జవాబు ఎందుకు కల్పించాల్సి వచ్చిందంటే, మాస్టరు మాటా నా కల్పనే. మునిస్వామి ఆ గేటు దాకా వెళ్లిన సంగతి నిజం, ఆయనే నాకు చెప్పాడు. ఎదురుగా నిలబడి, "లింగంపల్లి బస్సు ఎక్కడ ఆగుతుంది?" అని అడిగాడట, నాలుగేళ్లుగా అదే బస్సు ఎక్కి తిరిగే మనిషి. ఆంజనేయులు ఎవరో కొత్తవాళ్లకు చెప్పినట్టే, చెయ్యి చాపి, "గా మూల మీద సార్" అని చూపించాడట.