బోర్డు పిలిచేదాకా పాటలు బంద్

దేముడు దిండుకు చేరగిలబడి టీవీలో పాత సినిమా చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు. తెర మీద మామగారు బురదగుంటలో పడ్డాడు, లేవబోయి మళ్ళీ పడ్డాడు. మూడోసారి పడేలోపల నీలవేణి వంటింట్లోంచి విసురుగా వచ్చి టీవీ కట్టేసింది.

"ఆపీసినావేటే! ఇంకా ఉంది, అల్లుడు కూడా పడతాడు."

"పడితే పడనీ. వీధి సివరిదాకా ఇనిపిస్తన్నాది నీ నవ్వు. గుండె జబ్బోడివి నువ్వు. గుండె జబ్బోడిలాగుండు."

మొగుడు మంచాన పడి మూలుగుతుంటే ఏడ్చే ఆడవాళ్ళని అందరం చూశాం. మొగుడు మంచాన పడి నవ్వుతున్నాడని ఏడ్చే ఆవిణ్ణి చూడాలంటే మాత్రం, చెప్పొద్దూ, ఆ జనవరిలో బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లకే రావాలి. నీలవేణి రాతిమనిషేం కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ నవ్వు వింటూనే వంట చేసింది, ఆ నవ్వు వింటూనే పిల్లని పెంచింది. కానీ ఇప్పుడు ఆ నవ్వే కూతురి నోటికాడ కూడు తన్నేస్తుందని ఆవిడ భయం.

సంగతేమిటంటే, దేముడు వర్క్‌షాపులో వెల్డరు. డిసెంబర్లో ఒకరోజు పని మధ్యలో ఊపిరాడక కూలబడిపోయాడు. ఆసుపత్రిలో గుండెకి ఎకో తీశారు. గుండె పావు వంతు పని కూడా చేయడం లేదు, మందులతో నెట్టుకురావడమే, ఎన్నాళ్ళో చెప్పలేం అన్నారు. సిక్ లీవులో పెట్టి ఇంటికి పంపేశారు. మార్చి ముప్పై ఒకటికి అతనికి రిటైర్మెంటు.

ఎదురు క్వార్టరు గిరిబాబుది కూడా అదే షాపు. యూనియన్ మీటింగుల్లో ముందు వరసలో కూర్చుని, విన్నది సగం, కల్పించింది సగం తెచ్చి ఇంటింటికీ పంచే రకం. అతనొచ్చి నీలవేణిని కూర్చోబెట్టి చెప్పాడు.

"వదినా, అన్నని మెడికల్ బోర్డు పిలుస్తాది. ఏ పనికీ పనికిరాడని ఆళ్ళు రాసినారనుకో, మీ పిల్ల మౌనికకి రైల్వేలో ఉజ్జోగం వస్తాది. రాయకుండా మార్చి దాటిపోయిందనుకో, అన్న రిటైరైపోతాడు, ఇంకేటీ నేదు."

అంతవరకూ నిజమే. అక్కడితో ఆగితే అతను గిరిబాబు ఎందుకవుతాడు?

"అయితే బోర్డోలు ఊరికే రాయరు వదినా. సెప్పాపెట్టకుండా ఇనస్పెట్రుని ఇంటికి పంపిస్తారు. మనిషి నిజంగా పడున్నాడా, మజా సేస్తన్నాడా అని సూస్తారు. ఇలాగే ఒకడు వరండాలో కూకోని కేరమ్స్ ఆడతా దొరికిపోనాడు. ఠీక్ హై, ఫిట్, రేపట్నుంచి డ్యూటీకి రా అన్నారు."

ఆ మాట చెవిన పడ్డది మొదలు నీలవేణికి కంటి మీద కునుకు లేదు. ఇరవై ఆరేళ్ళ మౌనిక విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తోంది. మూడేసి నెలల కాంట్రాక్టు. మూడో నెల చివర రేపట్నుంచి రావద్దంటే అంతే సంగతులు, పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియని బతుకు. ఈ ఉద్యోగం వస్తే పిల్ల ఒడ్డున పడుతుంది. రాకపోతే ఏముంది, మొగుడూ పోతాడు, క్వార్టరూ పోతుంది, తల్లీకూతుళ్ళు వీధిన పడతారు.

ఇంట్లో ఉన్నదేమో దేముడు! ఆయనగారి సంగతి ఆ షాపులో ఎవర్నడిగినా చెబుతారు. ఒకప్పుడు ఊళ్ళో తెలుగు సినిమా ఆదివారం పొద్దున ఒక్క ఆట వేసేవారు. డ్యూటీ పడి చూడలేనివాళ్ళకి సోమవారం భోజనాల వేళ దేముడే సినిమా. హీరో అతనే, హీరోయిన్ అతనే, వెనకాల వచ్చే వయొలిన్లూ అతనే. కథ సగంలో ఉండగా సైరన్ కూస్తే మిగతా సగానికి మంగళవారం దాకా అన్నం సహించేది కాదు జనానికి.

అలాంటివాడికి జబ్బు చేసి ఇంట్లో పడితే ఏం చేస్తాడు? నిజం చెప్పాలంటే మొదటి నెల పండగ చేసుకున్నాడు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో మధ్యాహ్నం పూట మంచం మీద పడుకుని సినిమా చూసిన పాపాన పోలేదు మరి. పొద్దున ఫోన్లో పాటలు, అన్నం తిన్నాక టీవీలో సినిమా, సాయంత్రం మళ్ళీ పాటలు. కాళ్ళు వాచి బూరెల్లా ఉన్నాయి, ఉప్పులేని కూడు తింటున్నాడు, స్నానాల గదిదాకా నడిస్తే ఆయాసం. అయినా పాట మొదలయ్యేసరికి మొహంలోకి రక్తం వచ్చేది. నలభై ఏళ్ళవాడిలా వెలిగిపోయేవాడు. అదే వచ్చింది తంటా.

"అమ్మాయి కోసమే కదేటి. అలాగే కానీ," అని దేముడు ఒప్పుకున్నాడు. బోర్డు పిలిచేదాకా పాటలు బంద్, సినిమాలు బంద్. రెండు రోజులాగి బతిమాలాడు. "సౌండు లేకుండా పెట్టీ. సౌండు నేనే ఏసుకుంటాను, లోపల." సరేనని పెట్టింది. తెర మీద బొమ్మలు మూగగా ఆడుతుంటే ఇతని పెదాలు కదిలేవి, వేళ్ళు దుప్పటి మీద దరువు వేసేవి. ఇదిగో ఇప్పుడు వీణ, ఇప్పుడు తబలా అని గుసగుసగా చెప్పేవాడు. మొహం మళ్ళీ వెలిగేది. నీలవేణి చూసి చూసి అదీ కట్టేసింది.

వీధిలో ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా మూలగమంది. మూలిగేవాడు. మొదట్లో వేళాకోళంగానే మూలిగాడు. "ఇలాగే పదిరోజులు మూల్గితే నాకు నాటకంలో ఏసం ఇచ్చీస్తారే" అనేవాడు. ఆవిడకి నవ్వొచ్చి చీర చెంగు నోట్లో కుక్కుకునేది.

ఫిబ్రవరి వచ్చింది. బోర్డు పిలుపు రాలేదు. వచ్చే వారం, వచ్చే వారం అంటాడు గిరిబాబు. ఒక ఆదివారం నీలవేణి పెరట్లో బట్టలు ఉతుకుతుండగా మౌనిక తండ్రి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, దుప్పటి కింద ఫోన్లో సినిమా పెట్టింది. కొంచెంసేపట్లోనే దేముడు, తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియక, ఇల్లు అదిరిపోయేలా నవ్వాడు. అదే క్షణంలో గేటు దగ్గర తెల్లచొక్కా మనిషి, చేతిలో ఫైలు.

పెరటి సందులోంచి అతన్ని చూసి నీలవేణి సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చి దుప్పటి లాగి, ఫోను లాక్కుని, కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది. మొగుడి చేతి మీదా ఒకటి వేసింది. "కొంప ముంచినార్రా, ఇద్దరూ కలిసి నా కొంప ముంచినారు!"

వచ్చినవాడు ఇన్‌స్పెక్టరూ కాదు, పాడూ కాదు. పైకప్పు కారుతోందని ఏడాది కిందట పెట్టుకున్న అర్జీకి ఇప్పుడు చూడ్డానికొచ్చిన మనిషి. గోడలు చూసి, రాసుకుని, మంచం మీది మనిషిని చూసి "దాదాకి ఏమైంది?" అని, సొంత అన్నగారి సంగతి అడిగినట్టే అడిగి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళేదాకా దేముడు మూలుగుతూనే ఉన్నాడు. తరవాత, దెబ్బతిన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మెల్లిగా అన్నాడు.

"తప్పయిపోనాది నీలా. ఇంక నవ్వను."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. పాట అడగలేదు, సినిమా ఊసెత్తలేదు. టీవీ వైపు తిరిగి పడుకోవడం కూడా మానేసి గోడవైపు తిరిగాడు. తిండి సగమైంది. బుగ్గలు లోపలికి పోయాయి. మార్చి మొదటి వారంలో గిరిబాబు వచ్చి కాసేపు చూసి, తల ఊపాడు.

"ఇప్పుడు బాగున్నాది వదినా. అసలైన పేషెంటులాగున్నాడు."

నీలవేణికి సంతోషం వేసింది. నిజంగానే వేసింది. గిరిబాబుకి టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి పంపింది. అతను గేటు దాటాక, మొగుడు చావుకళతో ఉన్నాడంటే తనకి సంతోషం వేసిందని తెలిసొచ్చి, వంటింట్లో నేలమీద కూలబడింది. ఛీ, నేనసలు మనిషినేనా అనుకుంది. అనుకుని మాత్రం ఏం చేస్తుంది? ఇన్నాళ్ళు ఓర్చుకుని ఇప్పుడు చెడగొట్టుకుంటుందా? క్యాలెండర్లో ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి.

ఆ సాయంత్రం మౌనిక తిరగబడింది. "నాన్న నవ్వు తీసేసి ఇచ్చే ఉజ్జోగం నాకొద్దమ్మా. ఇటుకలు మోసైనా బతుకుతాను. టీవీ పెట్టీ."

"నీకొద్దు! నీకేటి తెలుసే? రేప్పొద్దున నిన్నెవరు సూస్తారు? మీ నాన్న ఎలాగూ ఉండడు!"

నోటమ్మట వచ్చేసింది. రెండు గదుల క్వార్టరు, మధ్యలో కర్టెను. అటువైపే దేముడి మంచం. అక్కణ్ణుంచే పిలిచాడు, ఆయాసపడుతూ.

"నీలా... ఈ మంచం కిటికీకాడికి జరిపీండి. వీధిలోంచి ఇనస్పెట్రు వస్తే ముందు నేనే కనిపించాలి కదేటి."

జరిపారు. ఆడవాళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జరిపారు. మర్నాటి నుంచి దేముడు పొద్దున ఏడింటికే కిటికీ వైపు మొహం పెట్టి తయారుగా ఉండేవాడు, డ్యూటీ ఎక్కినట్టు.

పిలుపు మార్చి పద్దెనిమిదికి వచ్చింది. టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, తల్లీకూతుళ్ళిద్దరూ చెరోపక్కా పట్టుకుని తీసుకెళ్ళారు. గదిలో ముగ్గురు డాక్టర్లు. మధ్యనున్న పెద్దావిడ బెంగాలీ. తలెత్తకుండా ఫైలు తిరగేసింది, రెండు చోట్ల సంతకం పెట్టి పక్కాయనకి జరిపింది. దేముడు ఎందుకైనా మంచిదని మూలిగాడు. ఆవిడ అప్పుడు తలెత్తి, నొప్పిగా ఉందా అని హిందీలో అడిగింది. దేముడు పెళ్ళాం వైపు చూశాడు, ఉందనాలా లేదనాలా అన్నట్టు.

"ఇంట్లో రోజంతా ఏం చేస్తుంటాడు?"

ఈ ప్రశ్న కోసమే నీలవేణి రెండు నెలలుగా కాచుకుని ఉంది. వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "కుఛ్ నహీ మేడమ్! టీవీ బంద్, గానా బంద్, సబ్ బంద్. హసీ భీ నహీ హస్తా." ఏమీ చెయ్యడు, నవ్వు కూడా నవ్వడని.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఎందుకు బంద్ చేశారు?"

నీలవేణి కూతురి వైపు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ ఇంటికి వస్తాడన్నారని మౌనికే చెప్పింది. డాక్టరమ్మ కాసేపు ఆ పిల్లని, కాసేపు ఆ తల్లిని చూసింది. మేం ఎవరింటికీ ఎవర్నీ పంపలేదమ్మా, అంది. డిసెంబరు ఎకో చూసినప్పుడే ఏం రాయాలో తెలుసు, ముగ్గురం కలిసి కూర్చునే తేదీ కుదరకే ఆలస్యమైంది. ఏ పనికీ పనికిరాడనే రాశాం, నీ కాగితాలు పెట్టుకో అంది మౌనికతో. మళ్ళీ దేముడి వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "పాటలు విననివ్వండి. సినిమాలు చూడనివ్వండి. ఇంక మా మందుల కంటే అవే నయం. అయ్యో, గడిచిపోయిన ఈ నెలలే ఈయనకి మిగిలిన కాస్త మంచి రోజులు."

ఉద్యోగం వచ్చినట్టే. దేనికోసం ఇంత చేసిందో అది చేతికొచ్చింది. నీలవేణి టోటోలో మొగుడి తల భుజం మీద పెట్టుకుని, ఎండెక్కిన రోడ్డుని చూస్తూ కూర్చుంది. ఒళ్ళంతా మండిపోయింది ఆవిడకి. గిరిబాబు ఇంటిముందు టోటో ఆపి వాడి చొక్కా పట్టుకోవాలనుకుంది. టోటో అక్కడికి వచ్చేసరికి, వాడు చెప్పాడు సరే, టీవీ కట్టేసిన చెయ్యి ఎవరిదని తనని తనే అడిగింది. టోటో ఆపలేదు.

ఇంట్లోకి వస్తూనే తలుపులన్నీ బార్లా తీసింది. కిటికీలు తీసింది. మంచం టీవీ వైపు తిప్పించి, దిండ్లు ఎత్తుగా పెట్టి, ఫోన్లో వెతికి వెతికి అతనికిష్టమైన నవ్వుల సినిమా టీవీకి తగిలించి, సౌండు చివరిదాకా పెంచేసింది. పక్క క్వార్టరు దీదీ గోడ మీంచి తొంగి చూసింది. చూడనీ!

"సూడు మావా, సూడు. ఈడే కదేటి నీకిష్టం? ఇప్పుడు పిండిలో పడతాడు సూడు."

దేముడు చూశాడు. వాడు పిండిలో పడ్డాడు. దేముడు మొహంలో ఏమీ కదల్లేదు. తెర మీదినుంచి చూపు తిప్పి కిటికీ వైపు చూశాడు, తీసున్న తలుపు వైపు చూశాడు, కంగారుగా.

"ఎవరేనా వస్తారే. తగ్గించీ."

"ఎవరూ రారు. ఇంకెవరూ రారు. అసలు రావల్సినోళ్ళే నేరంట, నా తండ్రీ!" నీలవేణి అతని రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు నవ్వు. నీకు దండం పెడతాను, ఒక్కసారి నవ్వు మావా."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇంక నవ్వొచ్చా?" అని అడిగాడు.

ఆవిడ తల ఊపింది. గుమ్మంలో నిలబడ్డ మౌనిక గోడవైపు తిరిగిపోయింది.

దేముడు నోరు తెరిచాడు. హ అన్నాడు. ఆగి, ఊపిరి కూడదీసుకుని, ఇంకోసారి హ అన్నాడు. బాగానే చేస్తున్నానా అన్నట్టు పెళ్ళాం కళ్ళలోకే చూస్తూ, ఒకటొకటిగా, కష్టపడి నవ్వాడు. తెర మీద నవ్వుల సీను ఎప్పుడో అయిపోయింది. అక్కడెవరి తల్లో చచ్చిపోయి అందరూ ఏడుస్తున్నారు. అతను అటు చూడనే లేదు.