కలర్ డ్రెస్సుల వారం

యూనిఫాం తీసేద్దామన్న మాట ఆ బడిలో మొదట ఎత్తింది మూడో తరగతి టీచరు. ఊరికే ఎత్తలేదు. ముసురు పట్టిన రోజుల్లో ఆవిడ క్లాసు పిల్ల ఒకతె యూనిఫాం ఆరక ఇంట్లో వేసుకునే గౌనుతో వచ్చింది. హెడ్ మేడం గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపేసింది. మర్నాడు ఆ పిల్ల ఇంకా చెమ్మగానే ఉన్న యూనిఫాం తొడుక్కుని వచ్చి, సాయంత్రానికి జ్వరం తెచ్చుకుంది. ఆ జ్వరం తగ్గింది గాని టీచరు ఒళ్లుమంట తగ్గలేదు. తల్లిదండ్రుల మీటింగులో లేచి నిలబడి, ఆపకుండా చెప్పాల్సిందంతా చెప్పేసింది.

"పిల్లల్ని ముఖం చూసి గుర్తుపట్టాలి గాని బట్టలు చూసి కాదు" అన్నది ఆవిడ మాటల సారాంశం. కొందరు చప్పట్లు కొట్టారు.

వెంటనే ఒక నర్సు లేచింది. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిందేమో, తెల్ల బట్టల్లోనే ఉంది. ఆమె కూతురు కూడా మూడో తరగతే. పిలిస్తే పలకడానికి కూడా మొహమాటపడే పిల్ల. అందరూ గువ్వ అంటారు.

"టీచరుగారూ, మీరు చెప్పింది వినడానికి బాగుంది. నేను ఆరింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఇది వేసుకుంటా, అది వేసుకోనని పొద్దున్నే పిల్లతో పేచీ పడే ఓపిక నాకు లేదు. యూనిఫాం అయితే ఎదురుమాట లేదు. తొడిగామా, పంపామా!"

ఆమెకీ చప్పట్లు పడ్డాయి. హెడ్ మేడం అటు చూసి ఇటు చూసి మధ్యేమార్గంగా ఒక మాట చెప్పింది. "వారం రోజులు కలర్ డ్రెస్సుల్లో రమ్మందాం. శుక్రవారం సాయంత్రం మళ్లీ కూర్చుని తేల్చుకుందాం."

మొదటి మూడు రోజులూ పండగలా గడిచాయి. ఒకడు వాళ్ల నాన్న టై కట్టుకొచ్చాడు. అది మోకాళ్ల దాకా వేలాడుతోంది. ఒకతె ఎండలో ఉన్ని టోపీ పెట్టుకొచ్చి, ఎంత చెప్పినా తియ్యలేదు. పాఠాలు ఎప్పటిలాగే సాగాయి, తగువులు ఎప్పటిలాగే వచ్చాయి. టీచరు లోలోపల మురిసిపోయింది. శుక్రవారం మీటింగులో ఏం మాట్లాడాలో కాగితం మీద రాసి కూడా పెట్టుకుంది.

గురువారం నాడు మూడో తరగతి పిల్లల్ని ఊరికి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకి తీసుకెళ్లాలని ఎప్పుడో అనుకున్నారు. తోడు రావాల్సిన డ్రిల్లు టీచరుకి ఒంట్లో బాగోలేదు. వాయిదా వేస్తే పిల్లలు ఏడుస్తారు. ఇరవై ఎనిమిది మందే కదా, నేనొక్కదాన్నే చూసుకుంటానని టీచరు బస్సెక్కించింది.

ప్లాంటులో పంపు ఆపరేటరు దగ్గరుండి అన్నీ చూపించాడు. మురికినీళ్లు ఎక్కడ తేరుకుంటాయో, ఇసుకలోంచి ఎలా వడకడతారో ఓపిగ్గా చెప్పాడు. పెద్ద పెద్ద తొట్లు, వాటి చుట్టూ నడుమెత్తు ఇనుప కమ్మీలు. టీచరు గంటసేపూ "కమ్మీ ఎక్కకు, వంగకు, తొయ్యకు" అంటూనే ఉంది. ఆఫీసు వరండాలో స్టాఫ్ పిల్లలు నలుగురైదుగురు ఆడుకుంటున్నారు. వాళ్ల బడికి ఆ రోజు సెలవట. వీళ్లని చూసి వాళ్లూ వెంట తిరిగారు. అందరూ రంగురంగుల బట్టల్లోనే ఉన్నారు. టీచరు పట్టించుకోలేదు.

బయల్దేరేటప్పుడు బస్సు మెట్ల దగ్గర నిలబడి, ఎక్కుతున్న ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. అన్ని తలలూ సరిపోయాయి. "పోనీ అన్నా" అంది డ్రైవరుతో.

రెండు సందులు దాటి పెద్ద రోడ్డెక్కాక వెనక సీటులోంచి ఫిర్యాదు వచ్చింది.

"టీచర్, ఈ పాప నా చిప్సు తినేస్తోంది."

"ఏ పాప?"

"ఏమో టీచర్. మన పాప కాదు."

టీచరు లేచి వెనక్కి వెళ్లింది. కిటికీ పక్కన నీలం గౌను వేసుకున్న ఒక పిల్ల, రెండు జడలూ ముందుకు వేసుకుని, కాళ్లూపుకుంటూ దర్జాగా కూర్చుని ఉంది.

"నువ్వెవరమ్మా?"

"బుడంకాయ."

"అసలు పేరు చెప్పు."

"అదే. మా నాన్న అలాగే పిలుస్తాడు."

"మరి మా బస్సెందుకెక్కావు?"

"అందరూ ఎక్కారుగా! మీరే నా తల మీద చెయ్యేసి లెక్కపెట్టారు" అంది బుడంకాయ, తప్పంతా ఎవరిదో తెలిసినట్టు.

టీచరుకి నవ్వు రాబోయింది. అంతలోనే లెక్క తట్టింది. ఈ పిల్లతో కలిపి ఇరవై ఎనిమిది అయితే మన పిల్లలు ఇరవై ఏడుగురే. ఒకరు అక్కడే ఉండిపోయారు.

హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచింది. ఒక్కొక్కరూ పలికారు. గువ్వ పేరు దగ్గర ఎవరూ పలకలేదు. ఆ పిల్ల ఎప్పుడూ పలకదు కదా అని సీట్ల కింద కూడా వంగి చూసింది. లేదు.

ఏం బట్టలు వేసుకుందో గుర్తు తెచ్చుకుందామంటే టీచరు బుర్ర మొద్దుబారిపోయింది. ఎరుపా, పసుపా? పొద్దున్నుంచీ కళ్ల ముందు తిరిగిన పిల్ల, ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. పిల్లలు మాత్రం పోటీపడి చెప్పారు.

"ఆకుపచ్చ చొక్కా టీచర్!"

"దాని మీద పిల్లి బొమ్మ ఉంది!"

"పిల్లికి ఒక మీసం ఊడిపోయింది టీచర్!"

డ్రైవరు వెంటనే బస్సు తిప్పాడు. రోడ్డు నిండా బళ్లు. ఎప్పుడూ హారన్ కొట్టని మనిషి ఆ రోజు దాని మీంచి చెయ్యి తియ్యలేదు. టీచరు బుడంకాయ చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడింది. ఇది ఎవరి కన్నబిడ్డో, వాళ్లు ఎంత అల్లాడిపోతున్నారో! మన బిడ్డ ఎక్కడుందో! నడుమెత్తు కమ్మీలు ఆవిడ కళ్ల ముందు నుంచి కదల్లేదు. పెద్దవాళ్లకి నడుమెత్తు సరే, వాటి మధ్య సందుల్లోంచి ఎనిమిదేళ్ల పిల్ల దూరితే?

గేటు దగ్గర ఒక మనిషి రోడ్డు మీదికీ లోపలికీ పరుగులు తీస్తున్నాడు. ఇందాక అన్నీ చూపించిన పంపు ఆపరేటరే. ముఖంలో నెత్తురు చుక్క లేదు. బస్సు ఆగీ ఆగకముందే "నాన్నా!" అని బుడంకాయ ఒక్క దూకు దూకింది. అతను కూతుర్ని ఎత్తుకున్నాడు, గుండెకి అదుముకున్నాడు, వీపు మీద ఒకటిచ్చాడు, మళ్లీ అదుముకున్నాడు.

"అన్నా, మా పాప ఇక్కడుండిపోయింది. ఆకుపచ్చ చొక్కా" అంది టీచరు.

అతని ముఖం మళ్లీ పాలిపోయింది. కూతుర్ని డ్రైవరు చేతికిచ్చి తొట్ల వైపు పరుగెత్తాడు. వెనకే టీచరు. మొదటి తొట్లో ఏమీ లేదు. రెండో తొట్టి మూలన ఆకుపచ్చగా ఏదో తేలుతోంది. ఆపరేటరు పొడుగాటి గెడతో దాన్ని దగ్గరికి లాగాడు. చిరిగిన టార్పాలిన్ ముక్క.

"పట్టా అమ్మా, పట్టా ముక్క" అన్నాడు, గెడతో పైకెత్తి చూపిస్తూ.

అప్పుడు ఆఫీసు చివరి గదిలోంచి ఎవరో చిన్నపిల్ల మాట్లాడుతున్న చప్పుడు వినిపించింది. టీచరు తలుపు తోసింది. అది నీళ్లు పరీక్ష చేసే ల్యాబు. తెల్ల కోటు వేసుకున్న ఆవిడ పక్కన, ఎత్తు స్టూలు మీద గువ్వ నిలబడి ఉంది. చేతిలో గాజు గొట్టం. పిల్లి చొక్కా, ఒక మీసం లేదు.

"టీచర్, చూడండి! ఈ మాత్ర వేశాక నీళ్లు గులాబీ రంగుకి మారితే వాటిలో క్రిములు చంపే మందు ఉన్నట్టు. మారకపోతే లేనట్టు. నేను నాలుగు సీసాలు చేశాను. ఆంటీ రాసుకున్నారు కూడా."

ఇన్ని నెలల్లో గువ్వ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం టీచరు వినలేదు. స్టూలు పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటే మళ్లీ వచ్చాయి. తుడవడం మానేసింది.

ల్యాబు ఆవిడ కంగారుపడింది. "అయ్యో, మీ బడి పాపా! తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే మా స్టాఫ్ పిల్లే అనుకున్నానండీ. ఎవరమ్మాయివంటే చెప్పలేదు. సిగ్గేమో అనుకున్నా. యూనిఫాం ఉంటే చూడగానే తెలిసిపోయేది, ఎప్పుడో తెచ్చి అప్పగించేదాన్ని."

ఆవిడ మంచికే అన్నా ఆ మాట టీచరుకి సూటిగా తగిలింది.

బడికి తిరిగొస్తుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి నెమ్మదిగా అన్నాడు. "మేడం, ఇద్దరు పిల్లలూ క్షేమం. రేపు మీటింగు. నా నోటంట ఒక్క మాట రాదు."

"ఇరవై ఎనిమిది నోళ్లున్నాయి కదన్నా వెనక."

"పిల్లల మాటలు ఎవరు నమ్ముతారు మేడం?"

అదీ నిజమే. గువ్వ ల్యాబు చూడ్డానికి వెళ్తే కాస్త ఆలస్యమైందని చెప్తే సరిపోతుంది. అందులో అబద్ధం కూడా ఏం లేదు. టీచరు రెండు సందుల దూరం ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాత గువ్వ నిద్రపోతూ తన భుజం మీదికి ఒరిగింది. ఇక ఆ ఆలోచన అక్కడితో వదిలేసింది.

బస్సు దిగగానే హెడ్ మేడంకి జరిగింది జరిగినట్టు చెప్పింది. సాయంత్రం కూతురి కోసం వచ్చిన నర్సుకీ చెప్పింది. బుడంకాయని లెక్కపెట్టిన సంగతి, తొట్టి దగ్గర చూసిన పట్టా ముక్క సంగతి, ఏదీ దాచలేదు. నర్సు కూతుర్ని దగ్గరికి లాక్కుని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది. "రేపు మాట్లాడతాను" అని వెళ్లిపోయింది.

ఆ "రేపు" రావడానికి టీచరుకి ఒక యుగం పట్టింది.

శుక్రవారం హాలు కిక్కిరిసింది. టీచరు రాసుకున్న కాగితం బ్యాగులోనే ఉంది, బయటికి తియ్యలేదు. నిలబడి నిన్నటి సంగతి అందరికీ చెప్పింది. "యూనిఫాం ఉండుంటే ఆ పాప మా బస్సెక్కేది కాదు, మా పాప అక్కడ ఉండిపోయేది కాదు. ముఖాలు చూడాలని పోయిన మీటింగులో పెద్ద మాటలు చెప్పాను. నిన్న నేను చూసింది ముఖాలు కాదు, తలలు. మీరు ఎలా తేల్చినా నాకు సమ్మతమే" అని కూర్చుంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "చెప్పలా?" అన్నారెవరో వెనక నుంచి.

నర్సు లేచింది. టీచరు తల వంచుకుంది.

"నిన్న సాయంత్రం నుంచి ఈవిడ మీద నాకు పీకల దాకా కోపం ఉంది. రాత్రి అన్నం కూడా సహించలేదు" అంది నర్సు. "కానీ ఒక సంగతి చెప్పాలి. నేను పనిచేసేది కాన్పుల వార్డులో. అక్కడ పుట్టిన పిల్లలందరికీ ఒకటే తెల్లగుడ్డ. అంతకంటే యూనిఫాం ఇంకేముంటుంది? అలాగని గుడ్డ చూసి బిడ్డని అప్పగిస్తామా? చేతికి కట్టిన పట్టీ మీద పేరు ఒకరు చదవాలి, ఇంకొకరు విని సరిచూడాలి. అప్పుడే తల్లి ఒళ్లో పెడతాం. ఒక్కోసారి పది గంటలు నిలబడి కాళ్లు పీకుతుంటాయి, అయినా చదువుతాం. నిన్న తప్పు జరిగింది బట్టల వల్ల కాదు. పేరు పిలవకపోవడం వల్ల, ఒక్క మనిషినే పంపడం వల్ల. ఆ రెండో తప్పు ఈవిడ ఒక్కదానిదే కాదు."

హెడ్ మేడం గొంతు సవరించుకుంది. "అది నాది. పంపకుండా ఉండాల్సింది."

"ఇంకో మాట" అంది నర్సు. "ఈవిడ చెప్పకపోతే మా పిల్ల చెప్పేది కాదు. దానికి ల్యాబు తప్ప ఇంకేమీ గుర్తు లేదు. దాచుకోవచ్చు, దాచుకోలేదు. అలాంటి మనిషి దగ్గర నా పిల్లని వదలడానికి నాకు భయం లేదు."

టీచరు తల ఎత్తింది. గుండెల మీద కూర్చున్న బండరాయిని ఎవరో రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

"అంటే మీరు యూనిఫాం వద్దంటున్నారా?" అని అడిగిందొక తల్లి.

"ఎవరన్నారు? నా పిల్ల యూనిఫాంలోనే వస్తుంది. నా పొద్దుటి తిప్పలు నాకున్నాయి. వేసుకోనివాళ్లని గేటు దగ్గర ఆపొద్దు, అంతే. మా పిల్లకేమో ఇప్పుడు పిల్లి చొక్కానే కావాలట. ఆ పంచాయితీ మా ఇంట్లో తేల్చుకుంటాం."

హాలంతా నవ్వింది. హెడ్ మేడం కూడా నవ్వింది. పదకొండేళ్లుగా గేటు దగ్గర నిలబడి సాక్సులు చూసీ చూసీ తన మెడ పట్టేసిందనీ, ఇకనైనా తల ఎత్తి నిలబడతాననీ చెప్పింది. యూనిఫాం ఉంటుంది, ఇష్టమైనవాళ్లు వేసుకోవచ్చు. బట్టల పేరు చెప్పి ఎవర్నీ వెనక్కి పంపరు. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పేర్లు పిలవాలి. చేతులెత్తమంటే రెండు మూడు చేతులు తప్ప అన్నీ లేచాయి.

ఇంటికి నడిచి వెళ్తూ టీచరు వాళ్లక్కకి ఫోన్ చేసింది. నిన్న రాత్రి ఇదే అక్కకి చెప్పబోయి, ఏడుపు ఆగక పెట్టేసింది. ఈసారి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. "బుడంకాయ, అదే నా పేరు అంది అక్కా, పైగా మీరే లెక్కపెట్టారని నన్నే దబాయించింది!" అనేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకుంది. ఆకలి దంచేస్తోంది. నిన్న మధ్యాహ్నం నుంచి సరిగా తిండే తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఉండక్కా, ముందు ఇంటికెళ్లి అన్నం తిని చేస్తాను" అని ఫోన్ పెట్టేసి, అడుగులు జోరు చేసింది.