రత్నమాణిక్యం గారి గిన్నె

నేను ఒక గిన్నెను. స్టీలు గిన్నెను, నలుగురికి సరిపడే కూర పడుతుంది. చాలా ఏళ్ళు మూత లేకుండానే బతికాను. మూత సంగతి ఇప్పుడే అడక్కండి, కడుపు మండుతుంది.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. రేకుగా ఉన్నదాన్ని, ఏదో మిషను ఒక్క గుద్దు గుద్దితే గిన్నెనయ్యాను. ఏలూరులో సామాన్ల కొట్లో నన్ను కొన్నావిడ, పేరు కొట్టే అతని ముందు కూర్చుని, "కొల్లి రత్నమాణిక్యం అని కొట్టు నాయనా, ఒక్క అక్షరం పోకూడదు" అంది. పేరు కొట్టిస్తే గిన్నె ఎక్కడికీ పోదని ఆవిడ నమ్మకం. ఆ యంత్రం జుయ్యిమంటూ నా మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా ఆ పేరు పొడిచింది, నా మూత మీదా పొడిచింది. ఆ పేరు మెళ్ళో వేసుకునే నేను ఇరవై రెండేళ్ళు పరాయి కొంపల్లో బతికాను. మనుషులు పేరు కొట్టించడానికి చూపే శ్రద్ధ చదవడానికి చూపరు.

మొదట మాగాయ పెట్టుకుని పక్కింటికి వెళ్ళాను. పక్కిల్లే కదా అని మూతను ఇంట్లోనే ఉంచేశారు. నేను తిరిగి వచ్చేలోపు ఆ పక్కింటాయనకు బదిలీ అయింది, సామాన్లతోపాటు నేనూ లారీ ఎక్కాను. తర్వాత ఒక ఇంట్లో బియ్యం కొలిచాను. ఇంకో ఇంట్లో తలుపు కొట్టుకోకుండా ఆరేళ్ళు అడ్డం పడుకున్నాను. తిరిగి తిరిగి చివరికి మళ్ళీ ఏలూరులోనే, ఎవరిదో పులిహోర మోసుకుంటూ శిరోమణి గారి వంటింట్లో తేలాను.

శిరోమణి గారు మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఇద్దరు పిల్లల తల్లి. నాలుగున్నరకి లేచి పొయ్యి దగ్గర నిలబడుతుంది, బస్సులో నిలబడుతుంది, ఆఫీసులో సాయంత్రం దాకా కూర్చుంటుంది, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడుతుంది. రోజంతా ఒళ్ళు హూనమవుతుంది గాని, కాలు తీసి కాలు పెట్టి వంద గజాలు నడిచింది లేదు. ఒకరోజు డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "మూడు నెలల షుగరు ఎనిమిదిన్నర ఉందండీ. మందు వేసుకుంటే చాలదు, రోజూ ముప్పావుగంట నడవాలి. మళ్ళీ మూడు నెలలకి చూద్దాం, దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి రావచ్చు" అంది.

ఆవిడ భయం సూదికి కాదు. ఇదే జబ్బుతో వాళ్ళమ్మకి ముందు కాలి వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆ రోజు అంట్లు తోముతూ, సబ్బు చేతుల్తో నన్ను పట్టుకుని ఆవిడ చాలాసేపు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కాకపోతే గిన్నెకి చెమ్మ పడితే ఎవరు పట్టించుకుంటారు?

మర్నాడు ఆరింటికి, మూడు కూతలు కూశాక కుక్కరు కట్టెయ్యమని భర్త సుధాకరానికి అప్పగించి, పిల్లల కాన్వాసు బూట్లు తొడుక్కుని గేటు తీసింది. ఎదురింటావిడ ముగ్గు మధ్యలో ఆపి, "ఎక్కడికండీ పొద్దున్నే?" అంది.

"ఊరికేనండీ" అంది ఈవిడ.

ఆ మాటే కొంప ముంచింది. ఉద్యోగం చేసే ఇల్లాలు పొద్దున ఆరింటికి ఊరికే వీధిలోకి ఎందుకొస్తుంది? ఈవిడ రెండో వీధి మలుపు తిరిగేసరికి మొగుడితో పడటం లేదన్నారు. మూడో వీధికి చేరేసరికి పుట్టింటికి వెళ్ళిపోతోందన్నారు. ఇంటికి తిరిగొచ్చేసరికి భీమడోలు నుంచి ఆడపడుచు దిగనే దిగింది. "అన్నయ్య మంచివాడే వదినా, కాస్త నోటి దురుసు" అని మధ్యాహ్నం దాకా నచ్చజెప్పింది. సుధాకరం ఏ తప్పు చేశాడో తెలియకపోయినా, దేనికైనా మంచిదని క్షమాపణ చెప్పేశాడు. ఇంత సర్దుబాటుకి శిరోమణి గారు ఆఫీసుకి సెలవు పెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. మూడోనాడు వంటింట్లోకొచ్చి, అటూ ఇటూ చూసి, అరలోంచి నన్ను తీసింది.

"ఎక్కడికండీ?" అంది ఎదురింటావిడ.

"గిన్నె ఇచ్చిరావాలండీ."

"ఆఁ, వెళ్ళిరండి" అని ఆవిడ ముగ్గులోకి తల వంచేసింది. అంతే. చేతిలో గిన్నె ఉన్న ఆడమనిషిని ఈ భూమ్మీద ఎవరూ ఆపరు. ముప్పావుగంట సేపు నేనూ ఆవిడా రాణుల్లా తిరిగాం.

వారం పోయాక ఒకరిద్దరు నా మెడ మీద పేరు చదివి, ఈ రత్నమాణిక్యం ఎవరని అడిగారు. "ఇల్లు దొరకడం లేదండీ, వెతుకుతున్నాను" అంది శిరోమణి గారు. దాంతో రోజుకొకరు దారి చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు రైలు గేటు దగ్గరన్నారు, ఒకరు నీళ్ళ ట్యాంకు వెనకాలన్నారు. తెలియదనడం మనవాళ్ళకి నామోషీ కదా. ఆ పుణ్యమాని ఆవిడ నడవని వీధి లేకుండా పోయింది.

గుట్టు కనిపెట్టింది స్కూలు టీచరు మేరీ సుగుణ. నడుంనొప్పి మనిషి. పక్కన నాలుగడుగులు నడిచి, మెల్లగా, "అలాంటి దొరకని ఇల్లు నాకూ ఒకటి కావాలండీ" అంది. మర్నాడు తనూ ఒక గిన్నెతో వచ్చింది. బ్యాంకులో పనిచేసే హసీనా టిఫిను డబ్బాతో వచ్చింది. నెల తిరిగేసరికి పదకొండు మంది ఉద్యోగం చేసే తల్లులు, పదకొండు ఖాళీ గిన్నెలు. పదకొండు ఇళ్ళల్లో మగవాళ్ళు కుక్కరు కూతలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. పక్క కాలనీవాళ్ళు ఈ గిన్నెల బారు చూసి, ఎక్కడో ఏదో పంచుతున్నారనుకుని తమ గిన్నెలు పుచ్చుకుని వెనకాల పడ్డారు. ఏమిస్తారో అడిగితే వరస పోతుందని ఎవరూ అడగలేదు. మూడు కిలోమీటర్లు నడిచి, ఏమీ దొరక్క, రేపు ఇంకాస్త ముందు రావాలనుకుంటూ వెళ్ళారు.

అంతా సవ్యంగా ఉండగా కాలనీ సెక్రెటరీ చలపతి గారికి జాలి వేసింది. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. నా ఫొటో తీసి ఊళ్ళో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. పరీక్షకి ఇంకా ఆరు వారాలుందనగా ఒక సాయంత్రం వచ్చి, "దొరికేసిందమ్మా. కాలవ అవతల, పాత రైసుమిల్లు పక్క ఇల్లు. ఇంక మీకీ తిరుగుడు తప్పింది" అన్నాడు.

శిరోమణి గారి మొహం పాలిపోయింది. నాకు మాత్రం మూత గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. చెప్పుకుంటే సిగ్గు గాని, ఆ పూట నేను ఆవిడ కాళ్ళ గురించి ఆలోచించలేదు.

పరాయి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. మర్నాడు ఆవిడ నాలో పిడికెడు పంచదార పోసింది. పదకొండు మందీ వంతెన దాటి వెళ్ళారు. రత్నమాణిక్యం గారికి డెబ్బై దాటాయి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను తీసుకుని మెడ తడిమింది. లోపలికి వెళ్ళి అటక మీది డబ్బాలో దేనికోసమో గలగలలాడించి, తెచ్చి నా మీద పెట్టింది. నా మూత. ఇరవై రెండేళ్ళకి కూడా బిగుతు పోలేదు.

తర్వాత మూత తీసి పంచదార చూసి, "నాకు షుగరమ్మా" అంది.

"నాకూనండీ" అంది శిరోమణి గారు. ఆ పైన ఆవిడ నోరు ఆగలేదు, అమ్మ పాదంతో సహా అంతా చెప్పేసింది.

పెద్దావిడ వంటింట్లోకి వెళ్ళి, పంచదార చీమలకి పోసి, నా నిండా కాకరకాయ వేపుడు పెట్టి, మూత బిగించి ఇచ్చింది. "గిన్నె జాగ్రత్త. రేపు తెచ్చియ్యాలి" అంది.

రేపు తెచ్చిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. ఉడకబెట్టిన పెసలు వెళ్ళాయి. పెసలు తిన్నావిడ ఖాళీగా పంపకూడదు. గోంగూర వచ్చింది. పదిరోజులకి పెద్దావిడ కూర్చుని పుచ్చుకోవడం మర్యాద కాదంటూ తనూ వంతెన మధ్య దాకా నడిచి ఎదురు రావడం మొదలుపెట్టింది. పాత ఇనప సామాన్ల బండిలో తేలాల్సిన దాన్ని, ఈ వయసులో మూతతో సహా రోజూ కాలవ దాటుతున్నాను.

కాగితం చూపించే రోజున కూడా శిరోమణి గారు నన్ను పట్టుకునే ఆస్పత్రికి వెళ్ళింది, అటునుంచటే వంతెన మీదికి పోవాలి గనక. ఏడుకి దిగింది. ఆవిడ అంకె చూసి, వంగి తన బూట్ల వైపు చూసుకుంది. బూట్ల ముందుభాగం లోపల్నుంచి మెల్లగా కదిలింది, వేళ్ళు పదీ ఉన్నాయో లేవో సరిచూసుకుంటున్నట్టు.

"ఏం చేశారండీ ఇంతలా?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదండీ. ఒకావిడకి గిన్నె తిరిగివ్వాల్సి ఉంటేనూ."

"ఇచ్చేశారా?"

శిరోమణి గారు నా మూత ఒకసారి నొక్కి చూసుకుని లేచింది. "ఎక్కడండీ, రోజూ ఇస్తూనే ఉన్నాను" అంది.