గుండె ఎందుకు ఆగింది?

“ఇవాళ పనికి పోకురా. మెట్లు పన్నెండే. మూడుచోట్ల ఆగావు. లెక్కపెట్టాను.”

“నా దగ్గులు కూడా లెక్కపెడతావు కదమ్మా నువ్వు” అని నవ్వాడు పెద్దోడు. ఆ నవ్వూ దగ్గులోకే పోయింది.

వాడు రాళ్లను పిండిచేసే మిల్లులో పనిచేసేవాడు. నా కూతురూ అక్కడే సంచులు కుడుతుంది. షిఫ్టు దిగాక అందరూ ఒకరినొకరు గాలి పైపుతో దులుపుకుని ఇంటికొస్తారు. అలా రమ్మని పోరింది మేమే, తల్లులం. రాతిపొడితో తెల్లబడ్డ బట్టలతో గడప తొక్కొద్దన్నాం. గాలి కొడితే ఆ పొడి ముక్కుల్లోకే పోతుందని ఒక్కరికీ తట్టలేదు.

మధ్యాహ్నం కూతురు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, అన్నయ్య పడిపోయాడు!”

నేను పోయేసరికి వాడు మర పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి లేదు. మూతి దగ్గర నెత్తురు, నెత్తురు మీద పొడి. తోటివాళ్లు ఏడుస్తూనే గాలి పైపు లాక్కొచ్చారు. పోయినవాణ్ణి మురికిగా పంపకూడదని వాళ్ల ఆరాటం. అంతకుముందు పోయిన పదకొండు మందినీ అలాగే దులిపి పంపారు.

“ఆపండి!” అని అరిచాను. “దులిపి పంపిన వాళ్లందరికీ డాక్టరు ఏం రాశాడు?”

“గుండె ఆగిందని” అన్నాడు లోడింగు మేస్త్రి. “మర ఆగకూడదుగా మరి!”

పొడితో తెల్లగా ఉన్నవాణ్ణి దులపకుండా ఉన్నట్టే మోసుకెళ్లి మిల్లు ఆసుపత్రి మెట్ల మీద పడుకోబెట్టాం. డాక్టరు చూసి చావు కాగితం రాసిచ్చాడు. ఇది వింటున్న చదువుకునే పిల్లలూ, అలాంటి కాగితం మీరు చూసి ఉండరు. నాది అయిదో తరగతే, అయినా కూడబలుక్కుని చదివాను. పై గీత మీద ‘గుండె ఆగింది’ అని ఉంది. కింద ‘దానికి దారితీసిన జబ్బు’ అన్నచోట ఏమీ రాయకుండా కొట్టేసి ఉంది.

“గుండె ఆగకుండా చచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి బాబూ!” అన్నాను.

డాక్టరు లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు. మేస్త్రి మెట్టెక్కి జనం వైపు తిరిగాడు.

“అక్కడ పొడిజబ్బు అని పడితే మరలకు మూతలు బిగించాలి, నీళ్లు చల్లాలి, అందాకా మిల్లు ఆపాలి. అందుకే కొట్టేశాడు. ఆ గీత నిండేదాకా శవం లేవదు!”

“లేవదు!” అన్నాయి మూడు వందల గొంతులు. అందులో సగం దగ్గాయి.

పోలీసులు వచ్చారు. ఏమిటని కూడా అడగలేదు. మొదటి దెబ్బకే మేస్త్రి నుదురు చీలి, కళ్లలోకి నెత్తురు కారింది. ఏదో కర్ర విరిగిందనుకున్నాను, చూస్తే నా మణికట్టు. ఇన్‌స్పెక్టరు నా కొడుకు కాళ్లు పట్టి ఈడ్చాడు. వాడి తల మెట్టు మెట్టుకీ కొట్టుకుంది.

కూతురు అన్న మీద పడి కావలించుకుంది. బూటుకాలు దాని డొక్కలో దిగింది. అది దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. వాడికీ అలాగే మొదలైంది.

నేను పిరికిదాన్ని. తలుపు చప్పుడైతే శవం తెచ్చారనుకునేదాన్ని. ఇవాళ తెచ్చింది నేనే. ఈ కాగితం ఇలాగే పోతే రేపు ఇంకో కాగితం వస్తుంది, కూతురి పేరుతో.

విరిగిన చేతిని ఒళ్లో వేసుకుని డాక్టరు కిటికీ ముందు కూలబడ్డాను. నా వెనక ఒక్కొక్కరే నెత్తురు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. కొడుతున్నా కూర్చున్నారు. కొట్టేవాళ్లకే చేతులు నొప్పి పుట్టి ఆగారు.

“డాక్టరుగారూ, వాడి గుండె ఎందుకు ఆగింది?”

“లోపలే ఉండండి సార్, మేం చూసుకుంటాం” అన్నాడు ఇన్‌స్పెక్టరు. కిటికీ వెనక మనిషి కదల్లేదు. పొద్దు వాలింది. అందరి దగ్గులూ వినపడుతున్నాయి. నేను లెక్కపెట్టడం మానేశాను.

గడియ తీసిన చప్పుడైంది.

“పోయినేడు వాడి ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసినప్పుడే చూశానమ్మా” అన్నాడు డాక్టరు. “ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. గుండె ఒక్కటే ఇన్నాళ్లూ లాక్కొచ్చింది. ఆ కాగితం ఇలా ఇవ్వండి. మిగతా పదకొండు మందివి కూడా తీసుకురండి.”