చెంచాడు పాలు తక్కువ

చెంచాడు పాలు తగ్గించినందుకు మా ఆయన వేడి కాఫీ నా మొహాన కొట్టాడు. అప్పుడే ఫెర్రీ దిగిన జనంతో హోటలు కిటకిటలాడుతోంది. సగం ఉడికిన గుడ్లు పగలగొట్టుకుంటున్న వాళ్లంతా ఒక్కసారి తలలెత్తి, మళ్లీ గిన్నెల్లోకి వంచేశారు. నేను పక్కకి తిరిగాను కాబట్టి కన్ను దక్కింది. చెవీ, మెడా కాలాయి. "ఇది కాఫీయా, అంట్లు కడిగిన నీళ్లా?" అంటూ మా ఆయన టెక్ హువాట్ కప్పు నేలకేసి కొట్టాడు. వంటింట్లోంచి మా అత్తగారు వచ్చి నా మెడ వంక చూడలేదు, నేల వంక చూసింది. "ఆ కప్పులు మీ మామగారు కొన్నవి. ఇప్పుడెక్కడా దొరకవు. మొగుడి నోటికి నచ్చేట్టు ఒక్క కాఫీ కలపడం చేతకాదు, ఎందుకే నీ బతుకు?" అంది.

కాఫీ కలపడం నాకు చేతకాకపోవడమేమిటి! బటర్‌వర్త్ రేవు దగ్గర ఈ హోటలుకి బోర్డు మీద పేరు టెక్ హువాట్‌దే. చీకటితో లేచి పొయ్యి వెలిగించేది నేను, గింజల్ని చక్కెరా వెన్నా వేసి నల్లబడేదాకా వేయించేది నేను, గుడ్డ సంచిలోంచి డికాక్షన్ వంచి వంచి మణికట్టు వాచేది నాకు. అతను గల్లా దగ్గర కూర్చుంటాడు. కూర్చుని కాఫీ తాగుతాడు. కప్పు అడుగున రెండు వేళ్ల మందం తియ్యటి డబ్బా పాలు, పైన చక్కెర, దాని మీద డికాక్షన్. అది అయ్యేసరికి ఇంకొకటి. "ఏయ్ బీ లెంగ్, చెయ్యి ఆగిందేం?" అని నామీద అరవడమే అతను చేసే పని.

కుడికాలి బొటనవేలి పక్కన పుండు లేచి ఎంతకీ మానకపోతే నేనే సర్కారు ఆసుపత్రికి లాక్కెళ్లాను. షుగరు, దానికి తోడు బరువు. ఇలాగే ఉంటే పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పేసి, తిండి సంగతి చెప్పే నోర్‌హయాతి దగ్గరికి పంపాడు. ఆ పిల్ల నెమ్మదస్తురాలు. "అన్నం మానక్కర్లేదక్కా. ఈయన రోజూ తాగే కాఫీల్లో కేలరీలే ఒక పూట భోజనమంత ఉన్నాయి. అంతా ఆ డబ్బా పాల వల్లే. ఒక్కసారి మానిపిస్తే గొడవ చేస్తారు, కొంచెం కొంచెం తగ్గించండి, నాలుక అలవాటు పడిపోతుంది. చక్కెర మానెయ్యండి. తీపి లేని డబ్బా పాలు పొయ్యండి. కప్పు చిన్నది చెయ్యండి. పాలూ చక్కెరా లేకుండా తాగారంటే ఇక కేలరీల బాధే లేదు" అంది. ఇదంతా నా మొహం చూసి చెప్పింది. పక్కనే అతను ఫోనులో గుర్రప్పందేలు చూసుకుంటున్నాడు. ఒళ్లు అతనిది, నాలుక అతనిది, తగ్గించే పని మాత్రం నాది. నోరు కట్టుకోవాల్సింది అతనైతే చేతులు కాల్చుకోవాల్సింది నేను. బయటికొచ్చాక అతను అన్నది ఒకే మాట. "విన్నావుగా? నా కాలు పోయిందంటే నీ రెండు కాళ్లూ విరగ్గొడతా."

ఇక చూడండి నా కాపురం. కాఫీలో తీపి తగ్గిందని తెలిస్తే చెంపదెబ్బ. రక్తపరీక్షలో షుగరు తగ్గలేదని తెలిస్తే బెల్టు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. అయినా తగ్గిస్తూనే వచ్చాను. చక్కెర మానేసి ఆ లోటు తెలియకుండా డికాక్షన్ చిక్కగా దించాను. తియ్యటి పాలలో తీపి లేని పాలు కలిపాను. ఎత్తునుంచి ఒంపి నురగ తెప్పించాను, చూడ్డానికి పాలు దండిగా ఉన్నట్టుండాలని. అడుగు మందంగా ఉన్న కప్పులు ఏరి తెచ్చాను, పైకి పెద్దవి, పట్టేది తక్కువ. ఆ కప్పుల సంగతి కనిపెట్టిన రోజు "నాకే దొంగ కొలతలా?" అని నా వేళ్లు గల్లా సొరుగులో పెట్టి మూశాడు. గోరు ఊడింది. మా అత్తగారు ఆ వేలికి పసరు రాస్తూ, "మగాడన్నాక నాలుకకి రుచి అడగదా? మీ మామగారు బతికినన్నాళ్లూ తియ్యగానే తాగారు" అంది. యాభై నిండకుండానే పోయారు కదత్తయ్యా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. 

చంపాలనిపించేది. అబద్ధమెందుకు చెప్పాలి, మరుగుతున్న నీళ్ల పొడుగుమూతి కెటిల్ చేతిలో పట్టుకుని, గల్లా దగ్గర ఆ బట్టతలని వెనకనుంచి చూస్తూ, ఒక్కసారి మణికట్టు తిప్పితే చాలుననుకునేదాన్ని. చర్మం ఎలా ఊడుతుందో, గొంతు ఎలా పగులుతుందో మనసులో చూసుకునేదాన్ని. చూసుకుని, అతని కప్పులో ఇంకో చెంచాడు పాలు తగ్గించేదాన్ని. మొగుడి ప్రాణం పెళ్లాం చేతుల్లో ఉంటుందని నూరిపోసి పెంచారు మరి.

కాఫీ మొహాన కొట్టిన ఆ రోజు కప్పు పెంకులు ఏరడానికి మోకాళ్ల మీద కూర్చున్నాను. డొక్కలో తన్నాడు. ఊపిరి అందక బోర్లాపడ్డాను. అరచేతిలో పెంకు దిగింది. మళ్లీ తన్నాడు. జోడు ఊడి ఎగిరిపోయింది. అతని పాదం నా కళ్లకి జానెడు దూరంలో ఆగింది. కుడి పాదం. పుండు పడ్డప్పటినుంచీ నొప్పని అతను ఎడమకాలితోనే తన్నేవాడు. ఆ రోజు కుడికాలు వాడాడు. బొటనవేలి పక్కన పుండు లేదు. అక్కడ కొత్త చర్మం, లేత గులాబీ రంగులో, నున్నగా ఉంది.

నేను దొంగచాటుగా తగ్గించిన ప్రతి చెంచా అక్కడికే వెళ్లింది. దెబ్బలు తిని, గోరు పోగొట్టుకుని, నన్ను తన్నే కాలిని నేనే బాగుచేసుకున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

"లే! మళ్లీ కలుపు. ఈసారి నేను చెప్పినట్టు కలుపు" అన్నాడు.

లేచాను. అరచేతికి గుడ్డ చుట్టుకుని, ఉన్నవాటిలో పెద్ద కప్పు తీశాను. కొత్త డబ్బాకి చిల్లు పెట్టి గల్లా దగ్గరికే తీసుకెళ్లాను. అందరూ చూస్తుండగా అతని ముందే వంచాను.

"చాలా?" అని అడిగాను.

"పొయ్యి."

"ఇంకా?"

"పొయ్యవే, నీ అబ్బ సొమ్మేం పోయింది!"

కప్పు సగానికి వచ్చింది. చక్కెర వేసి, డికాక్షన్ పోసి కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "అదీ! ఇన్నాళ్లూ ఏమైందే ఈ చెయ్యి?" అన్నాడు. మా అత్తగారు సంబరపడి, "పోన్లే, ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది" అంది.

వచ్చింది. ఆ పూట నుంచి నేను మా ఆయన మాట జవదాటలేదు.